వెండి పెద్దమ్మకి, గాజు మా అమ్మకి

ఆ రోజుల్లో, అంటే ఫోన్లో డేటా చవకై ఇంటికి నలుగురు పండితులు తయారవుతున్న రోజుల్లో, మా నాన్న షుగర్ జబ్బు మీద, తమ్ముడు క్రికెట్ మీద పట్టు సాధిస్తే నేను మాత్రం పాత ఇంగ్లీషు గాజుసామాను మీద పడ్డాను. డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు. అనకాపల్లిలో మంచమ్మీద బోర్లా పడుకుని, దొరల బిస్కెట్ జాడీలకు బిగించిన అంచులూ మూతలూ పిడులూ ఏ లోహమో, అసలువో తరవాత అతికించినవో చెప్పే వీడియోలు చూసేదాన్ని. (ఎందుకని అడక్కండి, మా నాన్న అప్పటికే చాలాసార్లు అడిగారు.) విద్య వచ్చాక ఊరుకోగలమా? పక్కింటి అత్తయ్యగారి తాంబూలం పళ్లెం చూసి, నూరేళ్ల నాటి విలాయతీ సరుకని తేల్చేశాను. ఆవిడ దాన్ని తిరగేసింది. అడుగున వాళ్ల మేనకోడలి పెళ్లి తేదీ, వధూవరుల పేర్లతో సహా చెక్కి ఉంది.

నిజమైన విలాయతీ జాడీ మా ఇంట్లోనే ఉండేది. ఉండేదంటే, సగం. తాతగారు ఏ దొర ఇంటి వేలంలోనో కొన్నారట. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పెద్దమనుషులు దాన్ని కూడా మహా న్యాయంగా పంచారు: వెండి పెద్దకొడుక్కి, గాజు చిన్నకొడుక్కి. అంచూ మూతా పిడీ ఊడదీసి పెదనాన్న చేతిలో పెట్టి, బోడి జాడీ మాకిచ్చారు. అప్పట్నుంచి పెద్దమ్మ "ఎండి మాది" అని, అమ్మ "సేత్తో సెక్కిన గాజు మాది" అని ఊరంతా చెప్పుకోవడమే. ఒకే వీధిలో ఉన్నా తోడికోడళ్లిద్దరికీ పెళ్లిళ్లలో తప్ప మాటల్లేవు. అమ్మ ఆ జాడీలో గరిటెలు పెట్టేది గానీ, తుడిచినప్పుడల్లా దాని మెడ దగ్గర చెయ్యి ఆగేది. దానికి మూత ఉంటే ఎంత బాగుండునో అని అమ్మ మనసులో ఉందని నాకు తెలుసు. నా మనసులోనూ ఉంది.

ఒకరోజు పిడుగులాంటి వార్త. పెద్దమ్మ ఆ వెండంతా కంసాలాయన దగ్గర కరిగించి మనవరాలికి పట్టీలు చేయిస్తోందట! గరిటెలు నేల మీద గుమ్మరించి, జాడీ చంకన పెట్టుకుని పరిగెత్తాను. నన్ను ఆపడానికంటూ అమ్మా వెనకాలే వచ్చింది. (ఆపలేదు.)

"వీడియోల పిల్లొచ్చింది. ఏటే, ఏటి కావాల?" అంది పెద్దమ్మ. ఆవిడ ముందు పీట మీద మూతా అంచూ పిడీ సంచిలోకి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాయి.

"పెద్దమ్మా, కరిగించకు. అది ఎండి కాదు."

"కాదా? మూత లోపల దొరలు ముద్రలేసి మరీ ఇచ్చేరు. మీ తాత కంటే నీకు తెలుసేటి?"

ఆ ముద్రలు ఫోన్లో పెద్దవి చేసి చూపించాను. నాలుగు బుల్లి డాలు ఆకారపు గళ్లలో ఇ, పి, ఎన్, ఎస్ అనే ఇంగ్లీషు అక్షరాలు. నికెల్ కలిసిన మిశ్రమ లోహం మీద వెండి పూత అని అర్థం. చూసినవాళ్లు అసలు వెండి ముద్రలనుకోవాలనే అలా వేసేవారు. పిడి మెలికల దగ్గర పూత అరిగి పసుపూ బూడిదా కలిసిన రంగు తేలింది. "అది మురికే!" అని పెద్దమ్మ విబూది పెట్టి కసిగా తోమింది. ఇంకాస్త తేలింది. ఇక అసలు సంగతి: అంచు లోపలంతా తెల్లటి పెళ్లలు. జాడీ మెడ దగ్గర గాజు మీది పువ్వులు ఆగిపోయి, అంచు కూర్చోడానికే వదిలినట్టు నున్నటి గట్టు, దాని మీదా అదే తెలుపు. (తాతగారి తాంబూలం సున్నమని అమ్మ ఇన్నేళ్లూ ఆయన్ని తిట్టుకుంది.) అది ఫ్యాక్టరీలో అంచును అంటించిన ప్లాస్టర్. అంటే ఈ అంచు ఈ జాడీ కోసమే పుట్టింది. అంచు తొడిగాను, మూత వేశాను. కొలిచినట్టు కూర్చుంది.

పెద్దమ్మ మొహం వాడిపోయింది. "ఇన్నేళ్లూ ఎండి ఎండి అని సెప్పుకున్నానే..." అంది. అమ్మ మాత్రం మెడ కాస్త నిటారుగా పెట్టి, "పోన్లే అక్కా, గాజైనా సెక్కుడు గాజు కదా" అంది.

అక్కడ ఊరుకోవచ్చు. గెలుపు తలకెక్కినవాళ్లు ఊరుకోరు. "అదీ కాదమ్మా, అచ్చులో పోసి నొక్కేసిన గాజు. ఇదిగో, పైనుంచి కిందకి అచ్చు అతుకు గీత."

ఇద్దరూ ఆ గీత చూశారు. తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తరవాత నన్ను చూశారు.

"సూసేవా అక్కా, కన్నతల్లినని కూడా సూడదు!"

"ఓలమ్మో, ఇద్దరి పరువూ ఒక్కపాలే తీసేసింది! దీన్ని అంత సదువు ఎందుకు సదివించేవే?"

వేరుపడ్డాక వాళ్లిద్దరూ ఏకమై ఒక పని చెయ్యడం అదే మొదలు. నన్ను తిట్టి తిట్టి అలిసిపోయి కాఫీ పెట్టుకున్నారు, కాఫీ అయ్యాక మళ్లీ తిట్టారు. చివరికి పెద్దమ్మ జాడీని అటూ ఇటూ తిప్పి, "అయినా సక్కగుందే. కరిగించబుద్ధవదు. ఆర్నెల్లు మీ ఇంట, ఆర్నెల్లు మా ఇంట" అంది. పట్టీలు కొన్నవే పెట్టింది. ఇంటికొచ్చాక అమ్మ మూత పెట్టిన జాడీని చూసుకుని కళ్లు తుడుచుకుంది. ప్రపంచాన్ని జయించినట్టు నేను ఆ పూట రెండు కంచాల అన్నం తిన్నాను.

ఇప్పుడు విశాఖలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. నేను సరిగ్గా గుర్తుపట్టిన గాజుపాత్ర జీవితం మొత్తమ్మీద అదొక్కటే. జాడీ పట్టుకుని వీధిలో పరిగెత్తిన ఆ పిల్ల, అంత ధీమా ఎక్కణ్ణుంచి తెచ్చుకుందో నాకిప్పటికీ అర్థం కాదు. అందుకే చుట్టాల పెళ్లిళ్లలో వెతుక్కుని మరీ పెద్దమ్మ పక్కన కూర్చుంటాను, ఎవరైనా ఆ సంగతి అడుగుతారేమోనని. అడక్కపోతే నేనే మొదలుపెడతాను.