పేర్లు అడగకుండా ఇచ్చిన తామర మందు

1950లో నేను జనగామలో ఒక చిన్న మిషన్ దవాఖానలో నర్సుగా పనిచేస్తున్నాను. మా సొంతూరు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లె. ఒక వరండా, వెనుక రెండు గదులు, అంతే మా దవాఖాన. రోడ్డుకు అవతల బడి ఉండేది. పిల్లలను ఇళ్లకు పంపేసి అందులో పోలీసులు క్యాంపు పెట్టారు. నిజాం రాజ్యం పోయింది గాని పల్లెల్లో సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు, అడవుల్లో ఉన్న దళాలవాళ్ల కోసం పోలీసులు వెతుకుతున్నారు. వరండాలో కూర్చున్న రోగికి క్యాంపు గేటు కనబడేది, గేటు దగ్గరి జవానుకు రోగి కనబడేవాడు. సూదికి జంకనివాళ్లు కూడా ఆ వరండాలో గొంతు తగ్గించే మాట్లాడేవారు.

మా డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. చేయి చల్లనిది, నోరు వేడిది. మా పల్లెజనం మాట ఆమెకు సగమే అర్థమయ్యేది, మిగతా సగం నేను విప్పి చెప్పేదాన్ని. "మీరు మాట్లాడేది తెలుగేనా?" అని ఆమె ఆటపట్టిస్తే, "తెలుగేనమ్మా, మీలాగ సాగదీయడం రాదంతే" అనేదాన్ని. నాకు మాత్రం నోరు తక్కువా?

ఆ ఏడు ఎండలు ముదరకముందు ఒక పొద్దున, నర్మెట్ట వైపు పల్లె నుంచి ఎల్లవ్వ అనే ముసలామె మనుమణ్ణి చంకనేసుకొని వచ్చింది. ఆమె వెంట వచ్చిన పడుచు మాత్రం వరండా ఎక్కకుండా రోడ్డు పక్కనే నిలబడిపోయింది. ఆమె ఎల్లవ్వ కోడలు కొమురమ్మ. వాళ్లు కురుమలు, గొర్లు కాసుకునే కుటుంబం. కొమురమ్మ పెనిమిటి మందను తోలుకొని మేత ఉన్న చోటికి పోయి ఉన్నాడు.

"గామెను జర జూడు బిడ్డా," అంది ఎల్లవ్వ నాతో. "పెద్దరోగమని ఊరంత అంటున్నరు. గొర్లదొడ్డిల పండుకోవెడుతున్న. పిల్లగాన్ని ముట్టనిస్తలేను."

పెద్దరోగమంటే కుష్టు. ఊరి పెద్దలు అప్పటికే ఒక మాట అనుకున్నారట. అదే రోగమని తేలితే కొమురమ్మ పుట్టింటికి వెళ్లిపోవాలి, పిల్లవాడు మాత్రం ఇక్కడే ఉండాలి. ఇంకా మాటలు రాని బిడ్డ. తల్లిని చూసి చేతులు చాస్తున్నాడు, నాయనమ్మ వాడి చేతులు పట్టి వెనక్కి లాగుతోంది. ముసలామె మీద నాకు కోపం వచ్చింది. కాని ఆమె కళ్లు చూస్తే నిద్ర లేక ఉబ్బిపోయి ఉన్నాయి. ఆమె కూడా భయంతోనే చస్తోంది పాపం.

కొమురమ్మను లోపలికి పిలిచి చూశాం. మెడ చుట్టూ, భుజాల మీద, ముంజేతుల మీద గుండ్రటి మచ్చలు. అంచులు ఎర్రగా లేచి ఉన్నాయి, నడుమ మాత్రం మామూలు చర్మంలా ఉంది. డాక్టరమ్మ ఆమెను కళ్లు మూసుకోమని చెప్పి మచ్చల మీద దూది తాకించింది.

"తాకింది," అంది కొమురమ్మ. మళ్లీ తాకిస్తే, మళ్లీ "తాకింది."

"దురద ఉందా?"

"గులగుల పాడుగాను! తోలు గీరుకుంట కూసుంట."

డాక్టరమ్మ ముఖం విప్పారింది. కుష్టు మచ్చకు సాధారణంగా స్పర్శ తగ్గిపోతుంది. ఇంత దురద పుట్టదు. మచ్చ అంచు నుంచి పొట్టు గీకి, గాజుపలక మీద పొటాష్ ద్రావణం చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. పొటాష్ చర్మపు పొట్టును కరిగిస్తుంది, అందులో దాగిన ఫంగస్ పోగులు అప్పుడు కనబడతాయి. నన్నూ చూడమంది. సన్నటి కొమ్మలు కొమ్మలుగా పోగులు కనిపించాయి. రింగ్‌వర్మ్, అంటే మన తామర. నిక్షేపంగా మానే జబ్బు.

"పెద్దరోగం కాదవ్వా, తామర," అన్నాను వరండాలోకి ఉరికి వచ్చి. ఎల్లవ్వ నమ్మలేదు. "మచ్చలు పోనియ్యి. పోయినంక పిల్లగాన్నిస్త," అంది. ఇక కొమురమ్మకు తన బిడ్డ దక్కడం మా మందు మీదే ఆధారపడింది.

ఆ రోజుల్లో మా దగ్గర తామరకు ఉన్నది రెండు ఆమ్లాలు కలిపిన ఆయింట్‌మెంట్. తామర ఫంగస్ మన రక్తమాంసాల జోలికి సాధారణంగా రాదు. చర్మం పైన చచ్చిన పొర ఉంటుంది చూడండి, దాన్నే తిని బతుకుతుంది. శాలిసిలిక్ ఆమ్లం ఆ చచ్చిన పొరను మెత్తబరిచి రాల్చేస్తుంది. బెంజోయిక్ ఆమ్లం మిగిలిన ఫంగస్‌ను పెరగనివ్వదు. ఒకటి తిండి తీసేస్తే ఇంకొకటి గొంతు నొక్కుతుందన్నమాట. అందుకే మచ్చ మీదే కాదు, అంచు దాటి చుట్టూ కూడా రాయాలి. దురద పోయాక కూడా చాలా రోజులు రాయాలి. ఈ రెండో మాట వినే రోగిని నేను అరుదుగా చూశాను. దురద పోతే రోగం పోయినట్టే మనవాళ్లకు.

కొమురమ్మ మాత్రం విన్నది. బిడ్డ కోసం చెప్పింది చెప్పినట్టు చేసింది. మచ్చలు తగ్గాయి. తగ్గి, మళ్లీ వచ్చాయి. మళ్లీ మందు ఇచ్చాం, మళ్లీ తగ్గి మళ్లీ మొదలయ్యాయి. ఈసారి వచ్చినప్పుడు ఎల్లవ్వ ముఖంలో ఆశ కూడా లేదు. "తామరైతే పోవాలె గద?" అని అడిగింది.

డాక్టరమ్మ వరండాలోనే కూర్చుని, తామర మళ్లీ మళ్లీ వస్తుంటే ఏ డాక్టరైనా అడిగే ప్రశ్నే అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? నీ బట్ట, నీ పక్క ఇంకెవరైనా వాడతారా?"

"ఎవ్వరు లేరు," అంది కొమురమ్మ.

"చుట్టాలు, వచ్చేపోయేవాళ్లు?"

"మా ఇంటికి ఎవ్వరు రారు. ఎవ్వరు పండరు. ఎవ్వరు తినరు."

తినడం గురించి ఎవరు అడిగారు? నేను ఆమె చూపు వెంట చూశాను. అది క్యాంపు గేటు మీద ఉంది. అప్పుడు నాకు తట్టింది. ఎవరు వచ్చారు, ఎవరు పండుకున్నారు, ఎవరికి అన్నం పెట్టారు అని పల్లెల్లో లాఠీ పట్టుకుని అడిగేవాళ్లు వేరే ఉన్నారు. మా డాక్టరమ్మ జబ్బు కోసం అడిగిన ప్రశ్న, వాళ్లు మనుషుల కోసం అడిగే ప్రశ్న, అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే.

డాక్టరమ్మ మళ్లీ పొట్టు గీకి, లోపలికి తీసుకుపోయి మైక్రోస్కోప్ కింద చూసింది. "ఇదేమిటి, నల్లటి వెంట్రుక?" అంది. నేను చూసి గుర్తుపట్టాను. అది గొంగడి ఉన్ని. మచ్చలు మెడ మీద, భుజాల మీద, చేతుల మీదే ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. గొంగడి కప్పుకుంటే ఒంటికి రాసుకునేది అక్కడే.

తలుపు దగ్గరగా వేసి డాక్టరమ్మకు మా వైపు పద్ధతి చెప్పాను. కురుమల ఇంటికి ఎవరు వచ్చినా మంచి గొంగడి తీసి కప్పుకోనిస్తారు. ఇవ్వకపోతే మర్యాద కాదు. తడిసి వచ్చినవాడికైతే తప్పకుండా ఇస్తారు. పోతూ పోతూ వాడు కప్పుకుపోయినా అడగరు, ఎప్పుడో తిరిగి వస్తుంది. పైగా గొంగడిని ఉతకరు. చింతగింజల గంజి పట్టించి నేస్తారు గనుక వాన దిగదు, ఉతికితే ఆ గంజి పోతుంది. ఆ రోజుల్లో అడవి గుట్టల నుంచి రాత్రుళ్లు వానకూ మంచుకూ తడిసి వచ్చే చుట్టాలెవరో నేను చెప్పనక్కర్లేకపోయింది.

డాక్టరమ్మ ఆ గాజుపలకను తుడిచి పక్కన పెట్టింది. ఆమెకు ఆ పోరాటం మీద ఏ అభిప్రాయం ఉందో నాకు ఆనాడూ తెలియదు, ఈనాడూ తెలియదు. "ఒక్కదానికి మందు రాస్తే లాభం లేదు. ఆ గొంగళ్లు కప్పుకునే అందరికీ ఒకేసారి రాయాలి," అంది. "పేర్లతో మనకేం పని? ఎంత మందు కావాలో తెలిస్తే చాలు."

ఆ మాటను నేను మా భాషలో కొమురమ్మ చెవిలో వేశాను. "నిన్ను ఏమడగం చెల్లె. ఎంతమంది అని జెప్పకు, ఎవరని జెప్పకు. మందు ఎంత గావాల్నో అంత గిన్నె తీస్కరా. గంతే."

కొమురమ్మ నా ముఖంలోకి చూసింది. అంతసేపు ఎవరూ నన్నట్లా చూసింది లేదు. తర్వాత వెళ్లి అత్తతో ఏదో అంది. ఎల్లవ్వ లేచి బజారుకు పోయి, తిరిగి వచ్చేటప్పుడు కొత్త కుండ ఒకటి పట్టుకొచ్చింది. ఏ చిన్న బుడ్డో గురిగో కాదు, పెరుగు తోడుపెట్టుకునే కుండ! అంతమందికి మందు కావాలన్నమాట. డాక్టరమ్మ కుండ వైపు చూసి, నా వైపు చూసి, "అయితే నూరడం మొదలుపెట్టు," అంది.

రెండు చేతులూ పడిపోయేదాకా నూరాను. ఎల్లవ్వ పక్కన కూర్చుని చూస్తుంటే, ఈ మందు కలిపే కొవ్వులో గొర్రె ఉన్ని నుంచి తీసింది కూడా ఉందని చెప్పాను. ముసలామె మొదటిసారి నవ్వింది. "గట్లనా! మా గొర్లు మందుకు గూడ పనికొస్తయా?" అంది. కాని గొంగళ్లను ఉడుకునీళ్లలో నానబెట్టి ఎండలో వేయాలి, ఫంగస్ విత్తనాలు ఉన్నిలో నెలల తరబడి బతికే ఉంటాయి అనేసరికి ఆ నవ్వు ఎగిరిపోయింది.

"గొంగడి ఉతుకుతరా ఎక్కడన్న? ముడుసుకపోతది. గంజి వోతది. వానకు ఎట్ల ఆగుతది? ఇల్లు లేనోళ్లకు గదే ఇల్లాయె!" అని, చెప్పకూడనిది చెప్పినట్టు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

కొమురమ్మ అంతదాకా అత్త ముందు గొంతెత్తి ఎరగదు. "అత్తా," అంది, "ముడుసుకపోతే నేను మల్ల నేస్త. గంజి వోతే మల్ల వెడ్త. వానలు వడకముందే అన్నిటికి వెడ్త. నా కొడుకును నాకియ్యి."

ఎల్లవ్వ లేచింది. కుండను నెత్తికెత్తుకుంది.

మిగిలిన ఎండాకాలమంతా వాళ్లింటి వెనుక బండ మీద గొంగళ్లు ఎండాయట. ఒకటి పోతే ఇంకొకటి వచ్చేదట. కొమురమ్మ చింతగింజలు ఉడికించి గంజి పెడుతూనే ఉందట. అవి ఎవరివో, ఎట్లా వచ్చిపోయాయో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. వానలు పడ్డాక వాళ్లు మళ్లీ వచ్చారు. డాక్టరమ్మ కొమురమ్మను వెలుతురులో నిలబెట్టి మెడ, భుజాలు, చేతులు వెతికి వెతికి చూసింది. ఎక్కడా మచ్చ లేదు. పొట్టు గీకుదామంటే గీకడానికి కూడా ఏమీ లేదు.

ఎల్లవ్వ కూడా కోడలి మెడ తడిమి చూసింది. మనుమణ్ణి తెచ్చి కోడలి ఒడిలో కూర్చోబెట్టింది. వాడికి తల్లి ఒడి కొత్త అయిపోయింది. ఏడ్చి నాయనమ్మ వైపు వంగాడు. ఎల్లవ్వ ముఖం తిప్పుకుంది, చేతులు మాత్రం చాచలేదు. కొమురమ్మ కదలకుండా కూర్చుంది. వాడు ఏడ్చి ఏడ్చి, ఆమె మెడలోని పూసలు పట్టుకుని ఆడుతూ అట్లే నిద్రపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. డాక్టరమ్మ నన్ను లోపలికి పంపింది.

తర్వాత నేను మహబూబాబాద్ దవాఖానలో చాలా ఏళ్లు చేశాను. గ్రీసియోఫుల్విన్ మాత్రలు వచ్చాయి. అవి రక్తం ద్వారా పోయి, కొత్తగా పుట్టే చర్మంలో, గోళ్లలో చేరతాయి, ఫంగస్‌ను అందులో పెరగనివ్వవు. పాత పొర రాలేకొద్దీ రోగం దానితో పోతుంది. ఆ తర్వాత వచ్చిన మందులు ఫంగస్ కణం పైపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ అనే కొవ్వును తయారు కానివ్వవు. మన కణాల్లో ఆ చోట కొలెస్టరాల్ ఉంటుంది, అందుకే మనకు దెబ్బ తక్కువ. ఫంగస్ కణం చాలా విషయాల్లో మన కణం లాంటిదే. దానికి విషమైంది మనకూ విషం కావచ్చు. తేడా ఉన్న చోటు వెతికి కొట్టాలి. ఆ మందులు చేసినవాళ్లందరికీ మనసులో దండం పెట్టుకుంటాను.

కొమురమ్మ విషయానికొస్తే, పోరాటం ముగిసి, బడిలోకి పిల్లలు తిరిగి వచ్చాక, నేనింకా జనగామలోనే ఉండగా ఒకసారి దవాఖానకు వచ్చింది. కొడుకు ఆమె ముందు ఉరుకుతున్నాడు.

"అక్కా, ఇప్పుడడుగు. ఆ గొంగళ్లు ఎవరియో చెప్త," అంది.

"వద్దు. అందరికీ మానిందా?"

"అందరికి మానింది. మానినోళ్లల్ల కొందరు ఇప్పుడు లేరు. ఉన్నోళ్లు నీకు, డాక్టరమ్మకు దండం బెట్టమన్నరు," అని చేతులు జోడించింది.

రోగి అన్నీ చెప్పకపోయినా మందు ఇవ్వవచ్చని, చెప్పనిదాన్ని కూడా కాపాడడం మా పనిలో భాగమేనని నాకు నేర్పింది కొమురమ్మే. ఆ కుండ తెప్పించి ఆమె మా చేతుల్లో పెట్టింది ఎందరి ప్రాణాలో! మమ్మల్ని అంత నమ్మినందుకు ఆమెకు నేనే దండం పెట్టాలి. ఆ రోజు ఆమె వద్దు వద్దంటున్నా పెట్టాను.