మూత మీద నంబరు

మలేషియాలోని బంటింగ్‌లో మా పెదనాన్న వంటింట్లో ప్రతి డబ్బాకూ, దాని మూతకూ ఒకే నంబరు రాసి ఉండేది. ఆయన మిలిటరీలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. ఒకరోజు నేను కాఫీ డబ్బా మూత పంచదార డబ్బాకు పెట్టాను. ఆయన వెంటనే దాన్ని తీసేశాడు.

"బాగానే పట్టినాది కదా లా," అన్నాను, మలేషియా అలవాటుగా చివర 'లా' తగిలించి.

ఆయన ఆ మూత మీది నంబరును బొటనవేలితో తుడిచి, తన మిలిటరీ రోజుల సంగతి ఎత్తుకున్నాడు.

శాంతిసేనతో పరదేశం వెళ్ళినప్పుడు, అక్కడి ఊళ్ళవాళ్ళు అప్పగించిన రష్యా తుపాకులను విప్పి తుడిచే పని ఆయనదట.

"అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుండీవి. దేని బోల్టు, అదే తూటాని ఎనకనుంచి కొట్టే ముక్క, దేన్లో ఎట్టినా పట్టీసీది. ఏ బోల్టు ఏ తుపాకీదో పేరు రాసిన సీటీలు కట్టకుండా కలిపీసినాను."

తరవాత ఒక హత్య గురించి విచారణకు వచ్చారు. శవం పక్కన దొరికిన తూటా గుల్ల మీది గీతలు ఒక బోల్టుతో కలిశాయి. ఆ బోల్టు ఉన్న తుపాకీని ఎవరు అప్పగించారో అతన్ని పట్టుకుపోయారు.

"బోల్టులు కలిసిపోనాయని నువ్వు సెప్పలేదా, పెదనాన్నా?"

"ఈ బోల్టు దీందేనా అని ఆపీసరు నన్నే అడిగినాడు."

"ఏటన్నావు?"

మూతను దాని డబ్బాకు బిగించాడు.

"బాగానే పట్టినాది కదా, అన్నాను."