మామ్మ నూరేసిన పన్నెండు గంటలు

మా మామ్మ తుమ్మితే ఇల్లంతా ఆగిపోయేది. ఒంటి తుమ్ము అపశకునం, జంట తుమ్ము శుభం అని ఆమె లెక్క. గడప దగ్గర ఒంటి తుమ్ము వస్తే వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మనిషికి రోజుకు ఒకటో రెండో తుమ్ములు వస్తే ఈ పద్ధతిలో ఇబ్బందేమీ లేదు. మామ్మకు పొద్దున లేస్తే వరసపెట్టి ఏడెనిమిది వచ్చేవి. నేను లెక్కపెట్టి, "ఎనిమిది మామ్మా, జతలు సరిపోయినాయి, పద" అంటే, "తొమ్మిదోది ముక్కులోనే ఉన్నాదే, ఆగు" అనేది. ఆగితే అది నిజంగానే వచ్చేది.

మేముండేది మలాయ్ దేశంలో, తెలుక్ ఇంటాన్ దగ్గర రబ్బరు తోటలో. ఆ పట్నాన్ని అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవాళ్ళం. మా నాన్న తోట ఆఫీసులో కెరాణి, అంటే గుమాస్తా. దేశానికి స్వాతంత్ర్యం, వాళ్ళ మాటలో మెర్డెకా వచ్చి, కొత్త జెండా ఎగిరి ఏడాది కావస్తోంది. నాన్నకూ అమ్మకూ నాకూ పౌరసత్వం కాయితాలు వచ్చేశాయి. శ్రీకాకుళం వైపు పుట్టి, పద్నాలుగో ఏట ఇక్కడ ఓడ దిగిన మామ్మ ఒక్కదానికే రాలేదు. ముసలివాళ్ళకు మలాయ్ భాష పరీక్ష లేకుండా కాయితం ఇచ్చే గడువు ఆ వారంతో అయిపోతుంది. కమ్యూనిస్టులు అడివి పట్టాక తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ మొదట్లో, పక్క కూలి లైనులోని ఒక కుటుంబాన్ని అనుమానం మీద పట్టుకుని ఓడెక్కించి పంపేయడం మామ్మ కళ్ళారా చూసింది. కాయితం లేకపోతే తననూ అలాగే పంపేస్తారనీ, మా ముఖాలు మళ్ళీ చూడలేననీ ఆమె భయం. మేం ఎంత చెప్పినా ఆ భయం పోలేదు.

కాయితానికి పట్నం వెళ్ళాలి. తోట నుంచి పొద్దున ఒకటే బస్సు. తుమ్ముల పుణ్యమా అని అది రెండుసార్లు తప్పిపోయింది. రెండోసారి మామ్మ మెట్టు మీదే కూలబడి, "ఈ దేసానికి నాను అక్కర్నేదు కాబోలే" అని ఏడ్చింది. అంతవరకూ తుమ్ములు లెక్కపెట్టి నవ్విన నాకు సిగ్గేసింది.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. పట్నంలో ఒక తమిళ డాక్టరు గారి దగ్గర మందులు కలిపే పని నేర్చుకుంటున్నాను. నేర్చుకుంటున్నానని నేననుకునేదాన్ని. నిజానికి చేదు మాత్రల్ని సూదికి గుచ్చి, కరిగిన జెలటిన్లో ముంచి ఆరబెట్టడమే నా పని. నా మాత్రలు ఒకదానికొకటి అతుక్కుని గుత్తులుగా వచ్చేవి. ఆ వారమే డాక్టరు గారి దగ్గరికి కొత్తరకం తుమ్ముల మందు వచ్చింది. అద్దంలాంటి చిన్న గొట్టం, దాని నిండా ఆవగింజలంత పూసలు. కొన్ని పూసలకు పూత లేదు, మింగగానే కరిగిపోతాయి. కొన్నింటికి మైనంలాంటి పల్చటి పూత, అవి మధ్యాహ్నానికి మందు వదులుతాయి. మందపాటి పూత ఉన్నవి సాయంత్రానికి. పొద్దున గొట్టం ఒకటి మింగితే పన్నెండు గంటలు తుమ్ము ఉండదు. ఇంత చిన్న పూసకు వేళ తెలియడమేమిటని నేను రోజంతా మురిసిపోయాను.

డాక్టరు గారినడిగి ఒకటి తెచ్చాను. చక్కెర పూసిన సోంపు గింజలు పళ్ళెంలో పోసి, మామ్మను కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఏ పూత ఎప్పుడు కరుగుతుందో, మైనం ఎందుకో, కడుపులో ఏం జరుగుతుందో అంతా చెప్పాను. మామ్మ సోంపు నములుతూ విన్నది.

"ఎనకటికి తోట ఆస్పత్రిలో జొరం మాత్రలు ఇచ్చీవోళ్ళే. పైన పూత. నున్నగా ఎల్లి నున్నగా వచ్చీసేవి. జొరం మాత్రం ఎల్లీది కాదు."

అందుకే మా ఇంట్లో ఏ మాత్రయినా సానరాయి మీద తేనె వేసి నూరాకే నాలుక మీదికెక్కేది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. గొప్పలు చెప్పుకునే సంబరంలో నూరకూడదన్న ఒక్క ముక్క చెప్పడం మరిచిపోయాను.

ఆఖరి రోజు వచ్చింది. మందు బస్టాపులో ఇద్దామంటే వీల్లేదు. అడివిలో ఉన్న కమ్యూనిస్టులకు తిండీ మందూ చేరకుండా తోట గేటు దగ్గర పోలీసులు వెతికేవాళ్ళు. బియ్యపు గింజ గానీ మందు బిళ్ళ గానీ గేటు దాటకూడదు. అందుకని తెల్లారగానే గొట్టం మామ్మ చేతిలో పెట్టి, నేను జడ వేసుకోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మామ్మ చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. గడప దాటాం, తుమ్ము లేదు. గేటు దాటాం, లేదు. బస్సెక్కాం. నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను.

రెండు మైళ్ళు పోయేసరికి మామ్మ తల నా భుజం మీద పడింది. పట్నంలో దింపేటప్పుడు కండక్టరు ఒక రెక్క పట్టుకోవాల్సి వచ్చింది. ఆఫీసు బెంచీ మీద కూర్చోబెడితే గోడకు ఆనుకుని గురక మొదలెట్టింది.

"మామ్మా! మందెలా మింగినావు?"

ఒక కన్ను సగం తెరిచింది. "తేనేసి నూరీసినానే. ఏటి గట్టి పూసలో, సేతులు పడిపోనాయి."

పన్నెండు గంటలకు సరిపడే, నిద్ర తెచ్చే మందంతా ఒక్క గుక్కలో లోపలికి పోయింది. వీధి చివరనున్న డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తి ఆయన్ను లాక్కొచ్చాను. ఆయన నాడి చూశారు, కనురెప్ప ఎత్తి చూశారు.

"నిద్రే, భయం లేదు. సాయంత్రానికి లేస్తుంది. ఎన్నమ్మా, పూత గురించి అంత పాఠం చెప్పావట, నూరకూడదని చెప్పలేదా?"

చెప్పలేదన్నాను. ఆయన నవ్వలేదు, నాకు ఏడుపొచ్చింది. ప్రాణానికి భయం లేదు సరే, ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. నా తెలివి మూలంగా మామ్మ కాయితం పోతుంది.

లోపలి అధికారి నడివయసు మలాయ్ ఆయన. మామ్మ పేరు పిలిచాడు, గురక వినిపించింది. ఆమె కాయితాన్ని దొంతర అడుగున పెట్టి ఇంకొకరిని పిలిచాడు. మధ్యాహ్నం మళ్ళీ అదే పైకి వచ్చింది, మళ్ళీ అడుగున పెట్టాడు. మూడోసారి పెట్టేటప్పుడు నా వైపు చూసి, టీ తాగడానికి లేచాడు. నాలుగవుతుండగా గదిలో మేమూ ఆయనా ఊడ్చే మనిషీ మిగిలాం. మామ్మ ముఖం మీద నీళ్ళు కొట్టి, చక్కెర లేని కాఫీ పట్టించి బల్ల ముందు కూర్చోబెట్టాను.

అధికారి అడిగితే చెప్పాలని రెండు వారాలుగా నేను నేర్పిన జవాబులు ఒక్కటీ ఆమె బుర్రలో లేవని ముఖం చూస్తేనే తెలిసిపోతోంది.

"మక్చిక్, మీది ఏ ఊరు?" అని ఆయన మలాయ్‌లో నెమ్మదిగా అడిగాడు. మక్చిక్ అంటే పెద్దావిడను గౌరవంగా పిలిచే పిలుపు.

మామ్మ ఆయన వైపు వంగింది. బజారు మలాయ్ కొంత, మన మాట కొంత కలిపి, తూలుతూనే చెప్పింది.

"నా పెనిమిటి రెండో లైను ఎనకాల మట్టిలో ఉన్నాడు. నా సిన్నపిల్లడు ఆడి పక్కనే ఉన్నాడు. మరి నాదే ఊరో నువ్వే సెప్పు బాబూ."

అర్థం చెబుదామని నోరు తెరిచాను. అక్కర్లేదన్నట్టు ఆయన చెయ్యెత్తాడు. పౌరసత్వ ప్రమాణం ఒక్కో ముక్కా పలికించి, సిరా దిమ్మె ముందుకు జరిపాడు. మామ్మ బొటనవేలు బల్ల కదిలేలా నొక్కి, వేలెత్తి, ఆ ఒంటి ముద్ర వంక అనుమానంగా చూసింది.

"ఇది సాలునా బాబూ? ఇంకోటి కూడా ఎయ్యమన్నావా?"