అయిదు తీగల అతుకు

నాకు అక్షరాలు వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు. ఏడేళ్లకే అవ్వ పక్కన, అంటే మా అమ్మ పక్కన, మగ్గం మీద అచ్చు అతకడానికి కూర్చున్నాను, పెళ్లయి ఇచ్చోడకు వచ్చాక పత్తి చేన్లలో కూలికి పోయాను, బడి గడప ఎక్కింది మా బిడ్డను చేర్పించడానికే. నలభై దాటాక మహిళా సంఘంలో ఒక టీచరమ్మ మధ్యాహ్నాల పూట కూర్చోబెట్టి అ ఆలు దిద్దించింది. అందుకే ఇన్నాళ్లు ఏమీ రాయలేకపోయాను. రాయడం వచ్చాక కూడా, రాయవలసింది ఒకటుందని మొన్నటిదాకా నాకు తెలియదు.

మా బిడ్డ సరిత బస్టాండు దగ్గర చిన్న దుకాణంలో మొబైళ్లు, టీవీలు బాగు చేస్తుంది. ఈ మధ్య పాత వీడియో గేము పెట్టెలు కూడా వస్తున్నాయి. చిన్నప్పుడు ఆడుకున్నవాళ్లు అటకల మీది నుంచి దింపి, కొత్త టీవీలకు పట్టేలా, ఫోను చార్జరుతో నడిచేలా లోపల మార్పించుకుంటున్నారు. మొన్న సరితకు సద్ది తీసుకుపోయినప్పుడు సోల్డరు పొగ ముక్కుకు తగిలింది. కాస్త ఊదు వేసినట్టు, కాస్త ప్లాస్టిక్కు కాలినట్టు ఉండే ఆ వాసనకు నేను గడపలోనే ఆగిపోయాను. అది మా అన్న వాసన.

సిరిసిల్లలో మా పుట్టిల్లు సాంచల మధ్య ఉండేది. మరమగ్గాలను మేము సాంచలనే అంటాం. తెల్లారింది మొదలు వాటి టకటకలో మాటలన్నీ అరుపులే, గంజి వాసన పట్టని బట్ట లేదు, అన్నం గిన్నె మీద కూడా దూది నూగు వాలేది. దసరా సెలవుల్లో వాడలోని పిల్లలు చిర్రగోనె, గోటీల ఆటలు వదిలేసి మా ముందరి అర్రకు, అంటే ముందు గదికి, వచ్చిపడేవాళ్లు. అక్కడ మా అన్న రాజేశం బ్యాటరీ మీద కూడా నడిచే పాత చిన్న టీవీ ఒకటి, కరీంనగర్ నుంచి తెచ్చిన గేము పెట్టె ఒకటి పెట్టి, గంటకింత అని పైసలు తీసుకుని పిల్లలను ఆడించేవాడు. నాకప్పుడు పన్నెండేళ్లు, వాడికి పద్దెనిమిది.

ఆ పెట్టె కొన్నప్పటిది కొన్నట్టు నెలరోజులు కూడా లేదు. కరెంటు పోతే ఆట ఆగిపోతోందని అన్న టీవీకీ దానికీ స్కూటరు బ్యాటరీ తగిలించాడు. పిల్లలు గుంజిగుంజి, చేత పట్టుకుని ఆడే రిమోట్ల ప్లగ్గులు వదులు చేస్తున్నారని, ప్లగ్గులు కోసేసి ఆ తీగలను నేరుగా పెట్టె లోపల సోల్డరు పెట్టాడు. ఎక్కడ తెగినా అతికి నల్ల టేపు చుట్టేవాడు కాబట్టి రిమోట్ల తీగలు అంగుళానికో కట్టు కట్టించుకున్నట్టుండేవి. బొమ్మ వణికినా, బొత్తాం పలకకపోయినా పిల్లలందరూ ఒక్కసారే అరిచేవాళ్లు.

"జర ఆగుండ్రి, పెండ్లిల పంతులును గుంజినట్టు గుంజుతరేందిర!" అని అన్న నవ్వుతూ, ముందు కరెంటు ఎంతదాకా వస్తుందో వేలితో తాకి చూసుకుంటూ పోయేవాడు. బ్యాటరీ, దాని తీగ, మీట, తర్వాత మూడు కాళ్ల చిన్న ముక్క. ఎక్కువ కరెంటును పెట్టెకు సరిపడేంతగా తగ్గించేది ఆ ముక్కే. అది వేలికి కాలిందంటే లోపం దగ్గరికొచ్చినట్టే అనేవాడు.

బాపుకు, అంటే మా నాన్నకు, ఇదంతా నచ్చలేదు. పొరుగు రాష్ట్రంలోని భివండిలో సాంచలు నడిపే మా మేనమామ పండుగకు వచ్చి ఉన్నాడు, దసరా పోగానే తిరుగు ప్రయాణం. బాపు ఒకరోజు తింటూ తింటూ తేల్చేశాడు.

"దసరా దాక చూస్త. పండుగకు గీ డబ్బ నడిచి బువ్వ వెడితె ఉండు. లేకుంటె మామెంబడి భివండి వోతవ్."

"నడుస్తది బాపూ. సూడు నువ్వు," అన్నాడు అన్న. అవ్వ ఇద్దరి కంచాల్లోనూ కూర వేసింది.

బతుకమ్మ నాళ్లు అవి. ఇంటినిండా తంగేడు, గునుగు పూలు, రంగుల్లో ముంచి ముంచి వేళ్లన్నీ ఎరుపూ నీలమూ. సద్దుల బతుకమ్మ నాడు పంచుకున్న పల్లి సత్తుపిండి ముద్ద నేను దాచుకుని దాచుకుని ఆ అర్రలోనే తిన్నాను. పొడి రిమోట్ల మీద రాలింది. పొద్దున లేచి చూస్తే ఎలుక ఒక రిమోటు తీగను కొరికి పారేసింది. అన్న కొత్త గేము క్యాసెట్ల కోసం కరీంనగర్ పోయి ఉన్నాడు. తిట్టు తప్పించుకుందామని, వాడి రేకు డబ్బాలోంచి అచ్చం అలాంటి రిమోటే ఇంకొకటి తీశాను. చూపుకు రెండూ ఒకటే. కొరికినదాన్ని కోసేసి పెట్టె వైపు మిగిలిన తీగకు దీని తీగ అతుకుదామంటే, లోపలి అయిదు తీగల రంగులు మాత్రం కలవలేదు.

మాకు రంగులతో పనెప్పుడుంది? అచ్చు అతకడమంటే సాంచ మీద అయిపోతున్న పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలు ఒక్కొక్కటే కలపడం. వేల పోగులు, అన్నీ తెల్లవే. వరసే దిక్కు. మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది. అవ్వ నేర్పింది అదే. తీగలు బయటికి వచ్చిన వరసలోనే చాప మీద పరిచాను, పళ్లతో తొక్క తీశాను, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టాను, ఒక్కోదానికీ విడిగా టేపు చుట్టాను. ఎంత సాపుగా వచ్చిందో చూసుకుని మురిసిపోయాను.

దసరా పొద్దున అన్న మీట వేశాడు. పెట్టె మీది ఎర్ర బుగ్గ, ఆ చిన్న బల్బు, వెలగలేదు. మూడు కాళ్ల ముక్క వేలు పెట్టలేనంత కాలింది. అది మార్చాడు, మళ్లీ కాలింది. బ్యాటరీ తీసి కరెంటుతో నడిపాడు, ఇంకో ముక్క వేశాడు. కొత్త అంగీలు తొడుక్కున్న పిల్లలు గడపలో కాసేపు నిలబడి జమ్మి ఆకు తేవడానికి పోయారు. నేను పక్కనే ఉండి అడిగినవి అందించాను. రిమోటు సంగతి చెప్పలేదు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని తోచనే లేదు. అన్ని అతుకుల మధ్య నా అతుకు వాడి కంటపడలేదు.

"లోపలి చిప్పు బిల్లనే కాలిపోయినట్టుంది. బ్యాటరీ వెట్టి నేనే ఖరాబు చేసిన," అన్నాడు. సోల్డరు పక్కన పెట్టి, "నాకు చేతగాదు చెల్లే," అన్నాడు.

మూడో రోజు మామ వెంట బస్సెక్కాడు. పెట్టెను బాపు పాత సామాన్లవాడికి వేసి ఉల్లిగడ్డలు తీసుకున్నాడు. భివండిలో అన్న మళ్లీ ఎప్పుడూ సోల్డరు పట్టలేదట. గదిలో ఫ్యాను ఆగినా, "నా చెయ్యి మంచిది గాదు," అని పక్కవాడిని పిలిచేవాడని మామ చెప్పాడు. వెళ్లిన ఏడో ఏట జ్వరంతో అక్కడే చనిపోయాడు. ఇప్పటికీ వాడి మాట వస్తే బాపు ఒకటే అంటాడు: "రాని పని నెత్తికెత్తుకున్నడు."

మొన్న దుకాణంలో సరిత ఒక పెట్టె విప్పి కూర్చుంది. బుగ్గ వెలగడం లేదు, మూడు కాళ్ల ముక్క కాలుతోంది. సరిత రిమోటు తీగలను పెట్టె నుంచి విడదీసి మీట వేసింది. బుగ్గ వెలిగింది.

"పెట్టె మంచిగనే ఉందమ్మా. రిమోటుకు ఎవడో వేరే వైరు వరసగ అతికిండు. ఒక్కో కంపెనీ వైరు తీరొక్క తీరుంటది, మీటరు వెట్టి ఏది ఎటు వోతందో చూసుకోవాలె. గీడు చూడకుంట కరెంటు పోగును తీస్కపోయి ఎర్తుకు పోయే భూమి పోగుకు కట్టిండు," అని నవ్వింది. "టేపు మాత్రం ఏం చుట్టిండు, మొనగాడు!"

"గట్ల కడితె పెట్టె కాలిపోతదా బిడ్డా?" అన్నాను.

"ఏం కాదు. గా అతుకు తీస్తె మళ్ల లేస్తది."

సద్ది గిన్నె అక్కడే పెట్టి ఇంటికి వచ్చాను. సిరిసిల్లలో ఆ అర్ర లేదు, దాని మీద మూడంతస్తులు లేచాయి. చేత్తో అచ్చు అతికేవాళ్లు కొద్దిమందే మిగిలారు. అవ్వ లేదు. చెప్పుకుంటే వినవలసినవాడు లేడు. నిన్న మాపటికి ఇక్కడిదాకా రాసి ఆపాను.

ఈ పొద్దున బాపు చాయ తాగి వాకిట్లో గోడకు ఒరిగి కూర్చున్నాడు. అవ్వ పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటున్నాడు. సాంచల చప్పుడుకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి, ఆయనకు వినపడాలంటే వాడంతా వినపడాలి. ఎదురుగా కూర్చుని కాగితాలు విప్పి, కూడబలుక్కుంటూ, గొంతెత్తి మొదటినుంచి చదివాను. నల్లా దగ్గరి ఆడవాళ్లు బిందెలు నిండి పొర్లుతున్నా కదలలేదు. సరిత చెప్పిన మాట దగ్గర గొంతు తగ్గించేసి చదివాను.

"ఏందీ? గా ఆఖరుది వినవడలే," అన్నాడు బాపు.

లేచి ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను.

"పెట్టె మంచిగనే ఉండె బాపూ. తప్పు అతికింది నేను. అన్నకు పని వచ్చు."