రేకు పూల బతుకమ్మ

ఉదయం ఐదు నలభైకి గేటు ముందు బండి ఆపాను. జూన్ రెండో వారం. సన్నటి వాన. గుమ్మడిదల దాటాక రెండు కిలోమీటర్ల మట్టిరోడ్డు. ఎడమవైపు మొక్కజొన్న చేను, కుడివైపు ఫ్యాక్టరీ గోడ. గాలిలో పుల్లటి వాసన, ముక్కు చివర కొద్దిగా మంట. పటేల్‌గూడలోని మా ఇంటి నుంచి నలభై నిమిషాల ప్రయాణం.

పదిహేడేళ్లు సైన్యంలో చేసి హవల్దార్‌గా బయటికి వచ్చినవాణ్ణి. పెళ్లిళ్లలో కలిసినవాళ్లు మంచుకొండల కథలు చెప్పమంటారు. చెబుతాను, వాళ్ల ముచ్చట ఎందుకు కాదనాలి. కానీ తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడేది ఆ కొండల మీది డ్యూటీకి కాదు. ఈ మాత్రల ఫ్యాక్టరీలో సెక్యూరిటీ ఇన్‌చార్జిగా చేసిన నాలుగు నెలలకు. అందుకే దీన్ని కూడా పోస్టింగ్ అనే అంటాను. నవ్వేవాళ్లు నవ్వండి.

నాకు ఇచ్చిన సామాను: ఒక లాఠీ, టార్చి, విజిల్, వాకీటాకీ, భుజం దగ్గర చిరిగిన రెయిన్‌కోటు. బంకర్ అంటే గేటు పక్కన రేకుల గది. మొదటిరోజే నేల కొలుచుకున్నాను. అది పాత అలవాటు. పెద్ద షెడ్డుకు తూర్పు చివర ప్యాకింగ్ హాలు. పడమటి చివర సాల్వెంట్ గది, ఇనుప తలుపు. రెంటినీ కలిపే నడవా అరవై నాలుగు అడుగులు. సాల్వెంట్ గది పక్కన బయటికి ఒక చిన్న తలుపు. ఆ తలుపు నుంచి షెడ్డు చుట్టూ తిరిగి ప్యాకింగ్ హాలుకు రావాలంటే నూటపది అంగలు.

సాల్వెంట్ అంటే మందు తయారీలో వాడే ద్రావకం. నీళ్లలా కనిపిస్తుంది, పెట్రోల్‌లా అంటుకుంటుంది. దాని ఆవిరి పైకి లేవదు, నేల మీద పాకుతుంది. సేఫ్టీ ఆఫీసర్ చెప్పిన ఆర్డర్లు మూడు. అగ్గిపెట్టె గేటు దాటకూడదు. సాల్వెంట్ లీకైన చోట ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు. అక్కడ వాకీటాకీ బటన్ కూడా నొక్కకూడదు, చిన్న నిప్పురవ్వ చాలు. తర్వాత కంట్రోల్ రూమ్‌లో గాలిలో ఆవిరి ఎంతుందో చెప్పే ప్యానెల్ చూపించి, "ఈ అంకె సున్నా ఉంటే అంతా సేఫ్" అన్నాడు. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో ఆయన చూపించలేదు. నేనూ అడగలేదు.

మూడు నెలలు ప్రశాంతంగా గడిచాయి. దసరాకు పది రోజుల ముందు, మధ్యాహ్నం రెండింటికి, ప్యాకింగ్ లైన్‌కు పెద్దదిక్కు అంజమ్మ నా గది ముందుకు వచ్చింది. గుమ్మడిదల మనిషే. యాభై దాటి ఉంటాయి. పద్దెనిమిదేళ్లుగా అదే హాలులో పని. చేతిలో చెత్త సంచి.

"మిల్ట్రీ అన్నా, గీ చెత్త మాకు ఇప్పియ్యరాదు?"

"ఏం జేస్తవ్?"

"ఆయుధపూజ ఉన్నది గద. లోపటికి అసలు పువ్వు రానియ్యరు, మామిడాకు రానియ్యరు. మందుల పురుగులు వడ్తయట. పోయినేడు ఉత్త గోడలకు మొక్కినం. జెర మనసున వట్టలే."

సంచిలోకి చూశాను. మాత్రల అట్టల అంచుల నుంచి కోసేసిన వెండి రేకు పట్టీలు. సీసాల రంగు మూతలు. యంత్రాలతో పాటు వచ్చిన థర్మాకోల్ దిమ్మలు. నాకు నవ్వొచ్చింది. పద్నాలుగు వేల అడుగుల మీద, కిరోసిన్ పొగలో, అచ్చం ఇలాంటి చెత్త ముందేసుకుని కూర్చున్న రోజు గుర్తొచ్చింది. అక్కడ మా వంటవాడు చాక్లెట్ రేకులన్నీ దాచిపెట్టి దీపావళికి నా ముందు పోశాడు. "సాబ్, బంకర్ కో భీ సజానా హై," అన్నాడు, బంకర్‌నూ అలంకరించాలట. పెట్రోల్‌లో థర్మాకోల్ వేస్తే ఉప్పు కరిగినట్టు కరిగి జిగురవుతుంది. ఆ జిగురుతోనే రేకు పూలు అంటించాం.

మేనేజర్ ఒప్పుకున్నాడు, ఏదీ గేటు దాటకూడదన్న షరతు మీద. రోజూ భోజనాల వేళ అరగంట పని. రేకు పట్టీని నాలుగు మడతలు పెట్టాలి. అంచు గుండ్రంగా కత్తిరించాలి. అడుగున మెలిపెట్టి బొటనవేలితో రేకలు విప్పాలి. నేనే నేర్పాను. ఇక్కడ పెట్రోల్ కుదరదు కాబట్టి క్యాంటీన్‌లో మైదా ఉడికించి జిగురు చేశారు. రంగుకు ఆడవాళ్లు ఎవరి గోళ్ల రంగు వాళ్లు తెచ్చారు.

"తుపాకి వట్టిన చెయ్యి పువ్వు మంచిగనే జేస్తది," అంది అంజమ్మ.

"తుపాకి తక్కువ, చీపురు ఎక్కువ వట్టిన," అన్నాను.

అందరూ నవ్వారు. సంతోషంగా ఉండేది. చెప్పడానికి సిగ్గెందుకు, రిటైరయ్యాక ఒక గుంపులో మనిషినయ్యానని మొదటిసారి అనిపించింది అప్పుడే.

చివరికి వాళ్లు బతుకమ్మ పేర్చారు. మొక్కడానికి కాదు, అలంకారానికి. థర్మాకోల్‌ను గుండ్రంగా కోసి ఏడు వరుసలు, వరుస వరుసకూ రేకు పూలు, మధ్యలో ఎర్రమూతలు, శిఖరాన పసుపు కాగితంతో గుమ్మడిపువ్వు. నడుమెత్తు ఉంది. హాలులో జాగా లేక నడవా పడమటి చివర, సాల్వెంట్ గది తలుపుకు ఎదురుగా, అట్టముక్క మీద నిలబెట్టారు. హాలు గుమ్మంలో నిలబడితే నేరుగా కనిపించేది.

ఆయుధపూజ రోజు. ఎనిమిది గంటలకు యంత్రాలు ఆపారు. తొమ్మిదికి బొట్లు పెట్టడం మొదలైంది. ఆ రోజు ఏ పనిముట్టునూ వదలకూడదు, చిన్న స్పానర్‌కు కూడా బొట్టు పడాలి. సైన్యంలో మేమూ రైఫిల్‌కు పెట్టేవాళ్లం. కానీ వెనక చెక్క మీద పెట్టేవాళ్లం. గొట్టం మూతి జోలికి, గురిచూసే చోటి జోలికి పోయేవాళ్లం కాదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. గుర్తుపెట్టుకోండి.

పసుపు గిన్నె పట్టుకుని నడవా నాకు అప్పజెప్పమన్నాను. మంటలార్పే సిలిండర్లకు పెట్టాను. మంటలార్పే నీళ్ల గొట్టం పెట్టెకు పెట్టాను. సాల్వెంట్ గది తలుపు పక్కన, మోకాలెత్తులో, అరచేతి సైజు పసుపురంగు డబ్బా ఒకటి ఉంది. కింది వైపు జాలీ మూతి. ఏదో ఫైర్ బెల్లు తాలూకు అనుకున్నాను.

"గది దేని డబ్బా అన్నా?" అంది వెనకనే పూలు పట్టుకొచ్చిన అంజమ్మ.

"ఏదైతేంది. అలుగుతది మల్ల. దీనికీ పెడదాం."

పసుపు ముద్ద బొటనవేలితో మూతి మీదే గట్టిగా అద్దాను. జారుతుందేమోనని పెద్ద రేకు పువ్వు ఒకటి దానికి ఆనించి చుట్టూ టేపు వేశాను. అందంగా ఉందనుకున్నాను కూడా.

పది నలభైకి మేనేజర్ పర్మిట్ రాశాడు. ఈ ఫ్యాక్టరీలో వెల్డింగ్‌కు ఎలా పర్మిట్ రాస్తారో కర్పూర హారతికీ అలాగే రాస్తారు. స్థలం: ప్యాకింగ్ హాలు గుమ్మం. సమయం: పదకొండుంబావు. ప్యానెల్‌లో అంకె: సున్నా. దాని కింద నా సంతకం. అగ్గిపెట్టె నేనే గేటు నుంచి తెచ్చి ఆయన చేతికి ఇచ్చాను.

పదకొండు గంటల ఆరు నిమిషాలు. హారతికి ముందు చివరి రౌండు. బయటి నుంచి వచ్చి చిన్న తలుపు తీసి నడవాలో అడుగుపెట్టాను. గోళ్లరంగు వాసన గుప్పుమంది. పూలకు నిన్ననే కదా రంగు వేసింది, అదే అనుకున్నాను. అటు చివర హాలులో ఆడవాళ్ల పాట, గంట చప్పుడు. బతుకమ్మ వైపు చూశాను. పొట్టిగా ఉంది. ఎవరో పై వరుస తీసేశారని కోపమొచ్చింది. లెక్కపెడితే పై వరుసలన్నీ ఉన్నాయి. గుమ్మడిపువ్వు కూడా ఉంది. లేనిది అడుగు వరుస.

నేను చూస్తుండగానే రెండో వరుస నేలలోకి దిగింది.

వంగి చూశాను. ఇనుప తలుపు కింద నుంచి సన్నటి తడి. నీళ్లలా ఉంది. అట్టముక్క నానింది. థర్మాకోల్ ఉప్పు కరిగినట్టు కరుగుతోంది. కొండ మీది జిగురు డబ్బా కళ్లముందు మెదిలింది. నా వేలు వాకీటాకీ బటన్ మీద ఉంది. నొక్కబోయాను. ఆర్డరు గుర్తొచ్చి ఆగాను. ఆ క్షణం వేలు నా మాట వినకపోయి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాసేవాడు ఉండడు.

నడవాలో పరిగెత్తకూడదు. ఆవిరిని కాళ్లతో తోసుకుంటూ హాలు దాకా తీసుకెళ్లినట్టవుతుంది. చిన్న తలుపు నుంచి బయటపడ్డాను. ఇరవై అంగలు దూరం వెళ్లి బటన్ నొక్కాను.

"గేట్ వన్ టు ప్యాకింగ్. హారతి ముట్టియ్యొద్దు. మళ్లీ చెప్తున్న, హారతి ముట్టియ్యొద్దు. ఓవర్."

గరగర. తర్వాత హాలులో రెండో వాకీటాకీ పట్టుకున్న ఎలక్ట్రీషియన్ గొంతు. "అన్నా, గంటలల్ల ఇనవడ్తలేదు. జల్దీ రా, హారతి ఇస్తున్నరు."

పరిగెత్తాను. మిగిలింది తొంభై అంగలు. నలభై ఆరేళ్లు, మోకాలి నొప్పి. పాట ఆగింది. హారతికి ముందు ఆగుతుంది పాట. హాలులోకి దూరేసరికి అందరూ అర్ధచంద్రంలా నిలబడి ఉన్నారు. పళ్లెంలో కర్పూరం. మేనేజర్ చేతిలో అగ్గిపుల్ల, పెట్టెకు ఆనించి ఉంది.

"ఆపుండ్రి!"

ఆయన పుల్ల గీయలేదు, దించనూ లేదు. "ఏమైంది? ఇప్పుడే చూశాం కదా, ప్యానెల్ సున్నా ఉంది."

చెప్పాల్సింది చాలా ఉంది. ఊపిరి అందలేదు. మేనేజర్ పక్కన అంజమ్మ కనిపించింది. ఆమెతో ఒక్కమాట అనగలిగాను.

"అంజమ్మా, బతుకమ్మ మునుగుతున్నది."

ఆమె నడవా వైపు చూసింది. తిరిగి నా వైపు చూసింది.

"నీళ్లేడియి అన్నా?"

ఆమె చూపు మళ్లీ నడవా చివరి సాల్వెంట్ గది తలుపు మీదికి పోయింది. ఆమెకు అర్థమైంది. మేనేజర్ చేతిలోంచి అగ్గిపెట్టె, పుల్ల రెండూ లాక్కుని పూజ కలశం నీళ్లలో ముంచింది. మణికట్టు దాకా చెయ్యి అందులోనే ఉంచి, "నడువుండ్రి బయటికి. స్విచ్చులు ముట్టకుండ్రి," అని అరిచింది.

నలభై ఒక్కమంది. వేపచెట్టు కింద రెండుసార్లు లెక్కపెట్టాను. ఎలక్ట్రీషియన్ బయటి నుంచే కరెంటు తీసేశాడు. మాస్కులు వేసుకున్నవాళ్లు ఇసుకతో లోపలికి వెళ్లారు. పూజకు ఆలస్యమవుతుందని ఎవరో డ్రమ్ము కుళాయి సగమే కట్టి వచ్చారట. సేఫ్టీ ఆఫీసర్ చేతి మీటరుతో నేల కొలిచి బయటికొచ్చి మా అందరి ముఖాలు చూశాడు. హారతి పళ్లెం ఉన్న చోటికి ఎనిమిది అడుగుల దూరం దాకా ఆవిరి వచ్చిందట. నేను మనుషుల్ని మూడోసారి లెక్కపెట్టాను.

పండగ మర్నాడు విచారణ. అందర్నీ నడవాలో నిలబెట్టారు. సేఫ్టీ ఆఫీసర్ ఆ పసుపురంగు డబ్బాకున్న టేపు ఊడదీశాడు. గాలిలో సాల్వెంట్‌ను పసిగట్టేది అదే. ప్యానెల్‌కు కన్ను అదే. రేకు పువ్వు రాలింది. జాలీ మూతి నిండా ఎండిన పసుపు. అందులో బొటనవేలి ముద్ర, గీతలతో సహా.

"ఈ పసుపు, పువ్వు ఎవరు పెట్టారు?" అన్నాడు మేనేజర్.

అంజమ్మ ముందుకొచ్చింది. "మేమే వెట్టినం సార్. తెల్వక వెట్టినం."

ఆమె నా వైపు చూడలేదు. ఆమె వెనక ప్యాకింగ్ ఆడవాళ్లు పదకొండు మంది, వాళ్లూ నేల చూపులే. నన్ను కాయడానికి ముందే మాట్లాడుకున్నారని తెలిసింది. నేను నోరు మూసుకుంటే నా ఉద్యోగం ఉంటుంది, పద్దెనిమిదేళ్ల ఆమె ఉద్యోగం పోతుంది. అర నిమిషం మూసుకున్నాను. అబద్ధం ఎందుకు, ఆ అర నిమిషం ఉంది.

"పెట్టింది నేను సార్," అన్నాను. "ఆ వేలిముద్ర నాది. ఆమె అది దేని డబ్బా అని అడిగింది కూడా."

కాగితం మీద రెండు వాక్యాలు రాసి సంతకం చేశాను. మూడో రోజు నన్ను డ్యూటీ నుంచి తీసేశారు. టార్చి, విజిల్, వాకీటాకీ అప్పజెప్పాను. సాయంత్రం నాలుగింటికి గేటు బయట అంజమ్మ నిలబడి ఉంది. కోపంగా ఉంది.

"నేను ఒప్పుకున్న గద. నడుమ నీకెందుకు? నువ్వు ఉరికి రాకపోతే మేమేడ ఉంటుంటిమి?"

"నేను బొట్టు వెట్టకపోతే ఉరికే పనే లేకుండె."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఉద్యోగం ఇంకా ఉంది. కనుక్కున్నాను.

ఇప్పుడు పటేల్‌గూడలో ఇంటిపట్టునే ఉంటున్నాను. దసరాకు నా భార్య బండి కడిగి పసుపు గిన్నె నా చేతికి ఇస్తుంది. నేను తిరిగి ఆమెకే ఇచ్చేస్తాను. "గీ మనిషికి ఏమైందో," అని ఆమె అనుకుంటుంది. చెప్పాను ఒకసారి, కానీ చూడడం వేరు, చెప్పడం వేరు.

కళ్లు మూసుకుంటే అదే నడవా. చుక్క నీరు లేదు. నేను నేర్పిన పూలు, ఒక్కటి కూడా చెదరకుండా, వరుస తర్వాత వరుస నేలలోకి దిగుతున్నాయి. చప్పుడు లేదు. శిఖరాన కాగితం గుమ్మడిపువ్వు నిటారుగా కిందికి వస్తోంది. నేను చూస్తూ నిలబడి ఉన్నాను. నా బొటనవేలికి ఇంకా పసుపు ఉంది.