గోడకవతలి చప్పుడు

ముత్యం కోపం ముక్కుమీద ఉంటుందని గోదావరిఖని క్వార్టర్లలో పసిపిల్లనడిగినా చెబుతుంది. బొగ్గుబావిలో వయసంతా కరగబెట్టిన మనిషి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోటితోనే నల్లా నీళ్ల తగువులో పక్కింటి జైపాల్‌ను "ఇగ నీ మొఖం సూడ" అనేశాడు. ఒకే షిఫ్టుకు పోయి, ఒకే డబ్బాలో తిని, బావా అని పిలుచుకున్న దోస్తులు! మాటలు బందయ్యాయి. ఆఖరికి జైపాల్ భార్య సారవ్వ పోయినా ముత్యం ఆ గడప తొక్కలేదు.

ఆ తర్వాతే మొదలైంది చప్పుడు. పొద్దుగూకితే చాలు, రెండిళ్ల నడిమి గోడ మీద దబ్ దబ్!

"నన్ను సతాయించనీకె కొడుతుండు. వాని కాళ్లిరగ్గొడత" అని ముత్యం ఇనుప రాడ్ తెచ్చి తలుపు వెనక పెట్టాడు. భార్య సమ్మవ్వ అది చూసి భయపడింది. "బాపును జర యాడికన్న తీస్కపోవే జమునా" అని కూతురిని బతిమాలింది.

జమున ఆ ఆదివారం సాయంత్రం ఫిల్మ్ క్లబ్బులో ఫ్రెంచి సినిమాకు తీసుకుపోయింది. పాటల్లేవు, నవ్వుల్లేవు. పెద్ద బిల్డింగులో ఒంటిగా బతికే లిఫ్టు మెకానిక్. వాడు పలకరిస్తే ఒక్కరూ పలకరు. ముత్యం మొదట ఆవలించాడు, తర్వాత తెరిచిన నోరు మూయడమే మరిచాడు. ఔరా! ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి ఖని! మనిషి ముఖంలో అంత దిగులుంటుందా?

ఆ మెకానిక్ మంచం మీద కూర్చుని గోడను పిడికిలితో కొట్టాడు. పక్కింటివాళ్లు రేడియో మోత పెంచారు. వాడు మళ్లీ కొట్టాడు.

ముత్యం చెయ్యి తనంతట తానే లేచి ఇనుప కుర్చీని టంగ్ టంగ్‌మని కొట్టింది. బావిలో కప్పు కూలినప్పుడు అవతల్నుంచి చప్పుడు వస్తే, విన్నవాడు తిరిగి కొట్టి తీరాలి. చిక్కుకున్నవాడు ఆ జవాబు పట్టుకునే ప్రాణం నిలుపుకుంటాడు.

"కాకా, గది సినిమానే!" అన్నాడు క్లబ్బు నడిపే జగదీశ్వర్.

అంతలో వెనక వరుసలో ఇంకో కుర్చీ మోగింది. ఆ పక్కన మరొకటి. హాల్లో ఉన్న బావి మనుషులంతా కొడుతున్నారు.

తెరమీద మనిషికి అదేం వినబడుతుంది? ఆ మెకానిక్ సుత్తి పట్టుకుని పక్కింటికి పోయాడు. తలుపు తీసిన ముసలాయన్ను కొడుతూనే ఉన్నాడు. హాల్లో కుర్చీల మోత ఆగిపోయింది.

సినిమా అయిపోగానే ముత్యం ఇంటిదారి పట్టాడు. ఇంట్లోకి వచ్చేసరికి గోడ మోగుతోంది. తిన్నగా పోయి తలుపు వెనక రాడ్ అందుకున్నాడు.

"అయ్యో, వద్దయ్యా! నీ కాల్మొక్త!" సమ్మవ్వ అడ్డం పడింది.

"జరుగు. ఇన్నొద్దులు ఇనుకుంట గూసున్న, జవాబియ్యలే."

రాడ్ కొసతో గోడను మెల్లగా తట్టాడు. అవతలి చప్పుడు టక్కున ఆగిపోయింది. ముత్యం గోడకు చెవి ఆనించాడు.

"జైపాల్! ఉన్నవా?"

అవతల్నుంచి బొంగురుపోయిన గొంతు వచ్చింది.

"ఉన్న బావా. ఇంకా ఉన్న."