రెండో బేసు దాకా

నిరుడు వానలు మొదలయ్యే నాటికి, మా అమ్మాయి బడి సాఫ్ట్‌బాల్ జట్టులో ఎవరు ఎక్కడ ఆడాలో నాకు పూర్తిగా తెలుసు. నన్ను ఎవరూ అడగలేదు. అయినా తెలుసు. మొదట బ్యాటు పట్టుకునే పిల్ల బలంగా కొడుతుంది కానీ పరుగు బద్ధకం, ఆమెను కిందికి దించాలి. ఎడమ చివర నిలబెట్టిన పిల్లకి బంతి తన వైపు వచ్చేదాకా ధ్యాస మబ్బుల మీదే ఉంటుంది, ఆమెను నలుగురి మధ్యకి తెచ్చుకోవాలి. బౌలింగు లాంటి పని చేసే పిల్లని పిచ్చర్ అంటారు. ఆమెను మాత్రం ఎవరూ కదపకూడదు. ఆ మాట ఆమె తండ్రికి చెప్తే ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆయన ఆటో నడుపుతారు. సాయంత్రం గ్రౌండు గేటు దగ్గర ఆటో ఆపుకుని కూతురి కోసం చూస్తుంటారు. నేనేమో ఇటు మెట్ల మీద గొడుగు, నీళ్ల సీసా పెట్టుకుని మా అమ్మాయి కోసం. ప్రాక్టీసు అయ్యేసరికి పొద్దు వాలుతుంది, ఆటోనగర్‌లో మా ఇంటి దాకా ఒంటరిగా రానివ్వడం ఇష్టం లేక వెళ్లడం మొదలుపెట్టాను. మొదట్లో ఊరికే కూర్చోవడం దేనికని తస్బీహ్ పూసలు తిప్పుకుంటూ అల్లాహ్ నామం అనుకునేదాన్ని. రెండు వారాలు తిరిగేసరికి ఆట అర్థమైపోయింది. ఇక ఎవరైనా ఒక మూలనున్న బేసు పలక నుంచి ఇంకో మూల బేసుకి పరుగందుకుంటే చాలు, నా లెక్క తప్పేది. అల్లాహ్ నన్ను క్షమించాలి, మళ్లీ మొదటి పూస నుంచి మొదలుపెట్టేదాన్ని.

"చెల్లెమ్మా, ఆటల సార్‌కి జీతం దండగ. నువ్వుండగా సెలక్షన్ కమిటీ ఎందుకు?" అనేవారు ఆటో అన్నయ్య. నేను నవ్వి ఊరుకునేదాన్ని. నా అభిప్రాయాలు మాత్రం ఊరుకునేవి కావు.

ఈ అలవాటు నాకు మా నాన్నగారి దగ్గర నుంచి వచ్చింది. నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఒళ్లు బాగుండక ఇంట్లోనే ఉండిపోతే, పని నుంచి వచ్చాక నాన్నగారే చదువు చెప్పారు. ఖురాన్ ఒక పూట, తెలుగు ఒక పూట. తెలుగుకి పుస్తకాలేమీ కొనలేదు, టీ కొట్లో అందరూ చదివి వదిలేసిన పేపరు తెచ్చేవారు. ఆటల పేజీలో అక్షరాలు పెద్దవని అక్కడే మొదలుపెట్టించారు. క్రికెట్ జట్టు ప్రకటించిన రోజు ఆ పేర్లన్నీ నా చేత పైకి చదివించి, వీళ్లలో నువ్వెవర్ని తీసేస్తావు, ఎవర్ని ఉంచుతావు అని అడిగేవారు. ఏదో పేరు చెప్పి తప్పించుకుందామంటే కుదరదు. "నీకు ఇష్టమా కాదా అని అడగలేదమ్మా, కారణం చెప్పు" అనేవారు. కారణం దొరికేదాకా కూర్చోబెట్టేవారు. ఇప్పటికీ ఏ కాగితం చేతికొచ్చినా గడగడా చదవగలుగుతున్నానంటే ఆయన పుణ్యమే. అల్లాహ్ ఆయనకి చల్లని చోటివ్వాలి.

మా అమ్మాయి క్యాచర్. బ్యాటు పట్టుకున్న పిల్ల వెనకాల గొంతుక్కూర్చుని, పిచ్చర్ విసిరే ప్రతి బంతినీ పట్టుకోవాలి. ఎండలో, ముఖానికి జల్లెడ లాంటిది కట్టుకుని, గుండెకి గార్డు కట్టుకుని అలా కూర్చోవడానికి వేరే ఎవరూ ముందుకు రాని రోజుల్లో తను వచ్చింది. రెండేళ్లుగా ఆ చోటు తనదే. బడిలో ఉన్న గార్డు ఎప్పటిదో, లోపలి దూది ముద్దలు కట్టి బయటికొచ్చేసింది. మా ఆయన బస్సులకీ ఆటోలకీ సీట్లు కుడతారు. బస్సు సీటులో వేసే గట్టి ఫోము ముక్క కోసి తెచ్చారు, నీలం రెగ్జిన్ తెచ్చారు, మందం సూది ఇచ్చారు. మా ఇంటి కాలి మిషను మీద నేనే కుట్టాను. ఆడపిల్ల, ఏడాదికేడాది సాగుతోంది. అందుకని గౌన్లకి వదిలినట్టే భుజాల దగ్గరా పక్కలా లోపలికి మడిచి, కొంచెం ఎక్కువ రెగ్జిన్ వదిలి కుట్టాను. చదువైపోయేదాకా అదే సరిపోవాలని నా లెక్క.

మా ఆయన అప్పుడే ఒక హెచ్చరిక చేశారు. గుడ్డయితే కుట్టు విప్పినా నీళ్లలో జాడిస్తే చిల్లులు పూడుకుంటాయి. రెగ్జిన్‌లో సూది ఒకసారి దిగితే ఆ చిల్లు ఎప్పటికీ పోదు, చూసి కుట్టు అన్నారు. చూసే కుట్టాను.

ఇక అసలు సంగతి. ఈ ఆటలో అవతలి జట్టు పిల్ల మొదటి బేసు మీద నిలబడి అదను చూసుకుని, బంతి పిచ్చర్ చెయ్యి దాటగానే రెండో బేసుకి పరుగెత్తుతుంది. ఆమెను ఆపాల్సింది క్యాచరే. బంతి పట్టి, లేచి, ఆ చివరనున్న రెండో బేసు దాకా ఒక్క విసురు విసరాలి. మా అమ్మాయి పట్టడంలో దిట్ట. బంతి పక్కకి పోయినా, నేలకి తగిలి లేచినా వదలదు. కానీ విసిరితే బంతి సగంలో ఒకసారి నేల తాకి, అప్పుడు రెండో బేసు చేరేది. ఆ కాస్తలో పరుగెత్తే పిల్ల చేరిపోయేది. అంతకుముందు ఏడాది జిల్లా పోటీల్లో అవతలివాళ్లు ఇది కనిపెట్టారు. ఇక పరుగే పరుగు. ఇంటికొచ్చేటప్పుడు మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. దారిలో పుచ్చకాయ కొనుక్కుని తిన్నాం.

వానల్లో ఉయ్యూరు నుంచి ఒక అమ్మాయి కొత్తగా చేరింది. వాళ్ల నాన్న ఫ్యాక్టరీకి చెరుకు ట్రాక్టరు తోలతాడట. పిల్ల ఇక్కడ పిన్నిగారింట్లో ఉండి చదువుకుంటోంది. మా అమ్మాయి కంటే బెత్తెడు పొడుగు, భుజాలు విశాలం, మాట మాత్రం వినిపించనంత మెల్లన. సార్ ఆమెను దూరంగా నిలబెట్టారు. రెండో రోజో మూడో రోజో బంతి ఆమె దగ్గరికి దొర్లుకుంటూ పోయింది. తీసి విసిరింది. ఎక్కడా నేల తాకకుండా, తలల మీదుగా వచ్చి మా అమ్మాయి గ్లవ్‌లో పడింది. ఆ చప్పుడుకి గేటు దగ్గరున్న ఆటో అన్నయ్య తిరిగి చూశారు.

"చెరుకు మోపులెత్తిన చెయ్యమ్మా అది" అన్నారు. అని, వెంటనే నా వైపు చూసి మాట మార్చేశారు. ఆయన మార్చకపోయినా నాకు తెలిసిపోయింది. ఆ చెయ్యి ఉండాల్సింది దూరంగా కాదు.

జట్టు ఎంపిక ఇంకో వారంలో ఉందనగా, పొద్దు గూకాక మగ్రిబ్ నమాజు చదివి దువాకి చేతులెత్తాను. నా బిడ్డ చోటు నా బిడ్డకే ఉంచమని అడుగుదామనుకున్నాను. అడగలేకపోయాను. ఆయన దగ్గర దాపరికం కుదరదు కదా. ఆ చోటుకి ఎవరు తగినవాళ్లో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. పైగా ఆ పిల్లకీ ఉయ్యూరులో ఒక తల్లి ఉంది, ఆమె కూడా ఈపాటికి దీపం పెట్టుకుని ఏదో అడుగుతూనే ఉంటుంది. చాలాసేపు చేతులు అలాగే ఎత్తుకుని ఉన్నాను. చివరికి, నా బిడ్డ మనసు చిన్నబుచ్చుకోకుండా చూడు యా అల్లాహ్ అని మాత్రం అడిగి జానమాజ్ చాప మడతపెట్టాను.

ఆ పూటే అన్నం తింటూ మా అమ్మాయి అడిగింది.

"అమ్మీ, నువ్వే సార్‌వి అనుకో. క్యాచర్‌గా ఎవర్ని పెడతావు?"

పప్పు గిన్నె నా చేతిలో ఉంది. మా ఆయన తినడం ఆపి నా వైపు చూశారు. సార్ ఇష్టం అనేసి ఊరుకోవచ్చు. నువ్వే కదమ్మా అని కూడా అనవచ్చు. కానీ ఆ అడగడం అచ్చం మా నాన్నగారు అడిగినట్టుంది. ఆయనకి నేనెప్పుడూ ఊరికే ఒక పేరు చెప్పి తప్పించుకోలేకపోయాను.

"ఉయ్యూరు అమ్మాయిని" అన్నాను.

"ఎందుకు?"

"ఆమె విసిరితే బంతి నేల తాకకుండా రెండో బేసు దాకా వెళ్తుంది. నీది ఒకసారి తాకుతుంది."

పళ్లెంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. "మరి నన్నెక్కడ పెడతావు?" అంది.

"రెండో బేసు దగ్గర. వంగి బంతి అందుకోవడంలో నీ అంత చురుకు జట్టులో ఎవరికీ లేదు."

"అక్కడ ఇప్పటికే మనిషి ఉంది."

"ఉంది. నువ్వడిగావని చెప్పాను."

"సార్ ఇంకా ఏమీ అనలేదు. నువ్వప్పుడే తీసేశావు" అని చెయ్యి కడుక్కోవడానికి లేచింది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

తర్వాత మా ఆయన నాతో, కన్నతల్లివి, కొంచెం మెత్తగా చెప్పొచ్చుగా అన్నారు. ఎంత మెత్తగా చెప్పినా బంతి నేల తాకుతుంది కదండీ అన్నాను. ఆయన నా పళ్లెంలో ఇంకో చేప ముక్క వేశారు.

తను నాతో మాట్లాడటం మానలేదు గానీ, ఆట సంగతి ఎత్తడం మానేసింది. గ్రౌండు నుంచి వచ్చేటప్పుడు లెక్కల పరీక్ష గురించి, పక్కింటి మేకపిల్ల గురించి చెప్పేది. నేను ఊ కొట్టేదాన్ని. ప్రతి దువాలో అదే ఒక్క మాట అడుగుతూ వచ్చాను.

ఎంపిక రోజున చినుకులు పడుతున్నాయి. సార్ పిల్లల్ని గేటు దగ్గరి రేకుల షెడ్డు కిందికి పిలిచి పేర్లు చదివారు. పిచ్చర్, ఆటో అన్నయ్య కూతురే. క్యాచర్, ఉయ్యూరు అమ్మాయి. మా అమ్మాయి పేరు చివర్లో వచ్చింది, ఎక్‌స్ట్రా ప్లేయర్లలో. ఎవరికైనా దెబ్బ తగిలితేనో జ్వరం వస్తేనో ఆడించేవాళ్లు వాళ్లు. రెండో బేసు సంగతి సార్‌కి తట్టలేదు. ఆటో అన్నయ్య నా పక్కనే నిలబడ్డారు. తన కూతురి పేరు వచ్చినా సంతోషం ముఖం మీదికి రానివ్వలేదు. ఆ సాయంత్రం ఒక్క పరాచికం కూడా ఆడలేదు. ఆ మర్యాద నేను మరచిపోను.

మా అమ్మాయి గార్డు పట్టీలు విప్పి, దాన్ని తన చేత్తోనే ఉయ్యూరు అమ్మాయికి తొడిగింది. పట్టడం లేదు. భుజాల మీద బిగిసిపోయింది, పక్క పట్టీలు అందడం లేదు. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి, పరవాలేదు పరవాలేదు అంటోంది. మా అమ్మాయి తన చున్నీ తీసి ఆ పిల్ల చుట్టూ తిప్పి కొలిచి, కొస దగ్గర ముడి వేసింది. భుజం కొలతకి ఇంకో ముడి. గార్డు చంకలో పెట్టుకుని, చున్నీ చేత్తో పట్టుకుని వానలో నా గొడుగు కిందికి వచ్చింది.

"అమ్మీ, లోపల రెగ్జిన్ వదిలావు కదా?"

"వదిలాను."

"ఇంత వస్తుందా?" అని ముడి చూపించింది.

వస్తుందో రాదో నాకు తెలియదు. ఇంటికి వెళ్లి కుట్టు విప్పాం. దారపు పోగులు తను లాగుతుంటే నేను బ్లేడుతో ఒక్కొక్కటే తెంపాను. లోపలి మడత తెరిస్తే పైన వెలిసిపోయిన నీలం పక్కన కొత్త నీలం మెరుస్తూ బయటికి వచ్చింది. చున్నీ పరిచి కొలిచాం. సరిగ్గా ముడి దాకా వచ్చింది. తన కోసం, పెద్దదవుతుందని వదిలాను. ఎవరికి అక్కరకొస్తుందో అల్లాహ్‌కి ముందే తెలుసు అనుకుని మనసులోనే కృతజ్ఞత చెప్పుకున్నాను.

మిషను తొక్కుతుంటే తను పాత కుట్టు చిల్లుల వరస మీద వేలితో రాస్తూ, "ఇవి పోవా?" అంది.

"పోవు. రెగ్జిన్ కదా."

"పోనీలే. నాది ఎంత వెడల్పుండేదో తెలుస్తుంది" అంది. ఆ తర్వాత, మిషను చప్పుడులో సరిగ్గా వినిపించకూడదనుకున్నట్టు, "సార్ కూడా అదే కారణం చెప్పారమ్మీ" అంది. నేను మిషను ఆపలేదు. ఆపి ఉంటే ఇద్దరం ఏడ్చేవాళ్లం. ఫోము మీద తన తల ఆనించి, కుట్టు పూర్తయ్యేదాకా అలాగే కూర్చుంది.

మర్నాడు ఎండ కాసింది. క్యాచర్ విసుర్లు అలవాటు చేసుకోవాలి కాబట్టి సార్ ఎక్‌స్ట్రాల్లో ఒకరిని మొదటి బేసు నుంచి పరుగెత్తమని, ఇంకొకరిని రెండో బేసు దగ్గర నిలబడమని చెప్పారు. మా అమ్మాయి చెయ్యెత్తి వెళ్లి నిలబడింది. ఇక్కడ ఉయ్యూరు అమ్మాయి గొంతుక్కూర్చుంది, రెండు పక్కలా కొత్త నీలం గీతలు, వాటి పక్కనే చిల్లుల వరసలు. బంతి పట్టింది, లేచింది, విసిరింది. నేల తాకకుండా వెళ్లింది. కొంచెం పక్కకి పోయింది గానీ మా అమ్మాయి ఒక్క అడుగు జరిగి, వంగి, పట్టేసింది. అక్కడి నుంచే గట్టిగా, "ఇంకొంచెం కిందికి విసురు, నేను పడతా" అని అరిచింది.

"చెల్లెమ్మా, నువ్వేమంటావు?" అన్నారు ఆటో అన్నయ్య.

నా అభిప్రాయం అప్పటికీ మారలేదు, రెండో బేసు తనదే. సార్‌కి ఎప్పుడు తడుతుందో ఆ పైవాడికి తెలియాలి. కానీ, "ముందు ఆట చూడనివ్వండి అన్నయ్యా" అన్నాను. పరుగెత్తే పిల్ల మళ్లీ అదను చూసుకుంటోంది. నా చేతిలో తస్బీహ్ ఎన్నో పూస దగ్గర ఆగిందో అప్పటికే మరచిపోయాను.